మా అత్తగారి ముత్తాత వయసు, తండ్రి పేరు ఒక్కో రికార్డులో ఒక్కోలా ఉన్నాయి. ఏది నమ్మాలి?

మీ ప్రశ్నను ముందు క్లుప్తంగా రాస్తాను, తర్వాత చదివేవాళ్లకూ అర్థం కావాలి కదా. మీవారు అమెరికన్. మీ అత్తగారి దగ్గరున్న ఫ్యామిలీ బైబిల్లో ఆవిడ ముత్తాత 1843 సెప్టెంబర్‌లో పెన్సిల్వేనియా రాష్ట్రం బెర్క్స్ కౌంటీలో పుట్టాడనీ, తల్లిదండ్రులు జేకబ్, మేరీ అనీ ఉంది. 1850 సెన్సస్‌లో అదే ఇంటిపేరుతో బెర్క్స్‌లో ఒక కుటుంబం దొరికింది గానీ, అక్కడ ఇంటి పెద్ద పేరు జాన్, ఆడమనిషి పేరు పాలీ, పిల్లాడికి 7 ఏళ్లు. 1860లో అతను ఎక్కడా లేడు. 1880లో అయోవాలో 34 ఏళ్ల రైతు. 1900లో అక్కడే, 1842 సెప్టెంబర్‌లో పుట్టినట్టు. 1890 సెన్సస్‌లో అసలు జాడే లేదు. సమాధి రాయి మీద 1911లో పోయినట్టు ఉంది. సివిల్ వార్‌లో (1861-65 నాటి అమెరికా అంతర్యుద్ధం) పోరాడాడనీ, ఎల్లిస్ ఐలండ్‌లో (న్యూయార్క్ రేవులో వలస వచ్చినవాళ్లను తనిఖీ చేసిన చోటు) అధికారులు ఇంటిపేరు మార్చేశారనీ ఇంట్లో చెప్పుకుంటారు. ఇన్ని తేడాలు చూసి, బెర్క్స్ కుటుంబం వేరేవాళ్లదేమో, వదిలేద్దామా అని అడిగారు.

వదలకండి. నేను ఒహాయోలో ఒక పబ్లిక్ లైబ్రరీలో వంశచరిత్ర విభాగంలో చాలా ఏళ్లుగా పనిచేస్తున్నాను. మీరు చెప్పిన తేడాలు 19వ శతాబ్దపు అమెరికన్ కాగితాల్లో మామూలే. ఇతను వేరే మనిషి అనడానికి అవి చాలవు. అదే మనిషి అనడానికి మీ దగ్గరున్న ఆధారాలు కూడా ఇంకా చాలవు. ఏ కాగితం చేతికొచ్చినా అందులో ఏముందో నమ్మే ముందు ఆ మాట ఎవరు చెప్పారు, ఎవరు రాశారు, ఎప్పుడు, ఏ అవసరం కోసం అని అడగండి. మీ కేసంతా ఈ ప్రశ్నల మీదే తేలుతుంది.

బైబిల్‌తో మొదలుపెడదాం. పుట్టుకలు రాసిన పేజీ ఒక్కటే ఫోటో తీశారు. బైబిల్ మొదటి పేజీ తిప్పి, అది ఏ సంవత్సరంలో అచ్చయిందో చూడండి. 1870ల్లో అచ్చయిన పుస్తకమైతే 1843 నాటి పుట్టుకను అప్పుడు ఎవరూ అందులో రాసి ఉండరు. తర్వాత ఎవరో గుర్తు తెచ్చుకుని గానీ, పాత పుస్తకంలోంచి ఎత్తి గానీ రాశారన్నమాట. సిరా, చేతిరాత కూడా గమనించండి. పదిమంది పిల్లల పుట్టుకలూ ఒకే సిరాతో, ఒకే చేత్తో, ఒకే సైజులో ఉంటే అవి ఒకే రోజు కూర్చుని రాసినవి. ఒక్కో పుట్టుకకూ కలం, రాత మారుతూ వస్తే అప్పటికప్పుడు రాసినవి. రెండో రకానికి విలువ చాలా ఎక్కువ. మొదటి రకం అబద్ధమని కాదు. అబ్రహం లింకన్ తండ్రి ఇంటి బైబిల్లో ఉన్న కుటుంబ వివరాలు, 1809 నాటి తన పుట్టుకతో సహా, లింకన్ తన చేత్తో రాసినవే. తండ్రి చనిపోయాక, 1851 ప్రాంతంలో రాశాడు. చరిత్రకారులు వాటిని వాడుకుంటారు, కానీ అవి ఎప్పుడు రాసినవో మనసులో పెట్టుకునే వాడుకుంటారు.

ఇక 1850 సెన్సస్‌లో 7 ఏళ్ల సంగతి. ఆ ఏడాది లెక్కల్లో అందరి వయసూ జూన్ 1 నాటికి ఎంతో రాయాలని నియమం. బైబిల్ ప్రకారం జూన్ 1 నాటికి మీ పిల్లాడికి 6 నిండి ఉండాలి, 7 కాదు. కానీ లెక్క రాసేవాళ్లు ఊళ్లు తిరిగి పూర్తి చేయడానికి నెలలు పట్టేది. పేజీ పైభాగంలో లెక్క రాసే మనిషి ఆ ఇంటికి వచ్చిన తేదీ ఉంటుంది. ఇంటివాళ్లు తరచు వచ్చిన రోజు నాటి వయసే చెప్పేవారు. మీ పేజీ మీద సెప్టెంబర్ చివరో అక్టోబరో ఉంటే ఆ 7 సరిగ్గా సరిపోతుంది, బైబిల్‌కు బలం చేకూరుతుంది. జూన్, జూలై ఉంటే ఒక ఏడాది తేడా ఉన్నట్టే, అదీ పెద్ద విషయం కాదు.

సెన్సస్‌లో వయసులకు ఎంత విలువ ఇవ్వాలో తెలియాలంటే లింకన్ ఇంటినే చూడండి. స్ప్రింగ్‌ఫీల్డ్‌లో 1850లో ఆయన భార్య మేరీ వయసు 28 అని రాశారు, 1860లో 35 అని రాశారు. పదేళ్లలో ఆవిడకు ఏడేళ్లే పెరిగాయి. ఆవిడ పుట్టింది 1818 డిసెంబర్‌లో, అంటే 1860 జూన్‌కు 41. చదువుకున్న కుటుంబం, ఊరందరికీ తెలిసిన లాయరు ఇల్లు. అక్కడే అలా ఉంటే అయోవా పొలాల్లో 36కు బదులు 34 అని పడటంలో వింతేముంది? పైగా 1880లో మీ ముత్తాత వయసు చెప్పింది అతనే అని ఎలా అనగలం? పొలంలో ఉన్నప్పుడు భార్య చెప్పి ఉండొచ్చు, పెద్ద కొడుకు చెప్పి ఉండొచ్చు, ఇంట్లో ఎవరూ లేకపోతే పక్కింటివాళ్లూ చెప్పి ఉండొచ్చు. సమాచారం ఎవరిచ్చారో సెన్సస్ కాగితం మీద గుర్తు పెట్టడం 1940లో గానీ మొదలవలేదు. ఇంకో సంగతి: 1850లో రాసిన లెక్కకు నకళ్లు తీసి ఒకటి కౌంటీకి, ఒకటి రాష్ట్రానికి, ఒకటి వాషింగ్టన్‌కు పంపారు. మనం ఇంటర్నెట్‌లో చూసేది సాధారణంగా వాషింగ్టన్ కాపీ. నకలు రాసేటప్పుడు ఒక వరుస జారితే వయసులు, పేర్లు కలగాపులగం అవుతాయి.

1900 లెక్క నాకు మిగతావాటికంటే ఆసక్తిగా ఉంది. నెల సరిగ్గా సెప్టెంబరే, సంవత్సరం మాత్రం ఒకటి వెనక్కి జరిగింది. నెల కలవడం వల్ల బైబిల్ మనిషి, అయోవా మనిషి ఒక్కరే అన్న నమ్మకం పెరుగుతుంది. సంవత్సరం ఎందుకు జరిగిందంటే నాకు తట్టే కారణం సైన్యం. 18 నిండాయని చెప్పి చేరిన తక్కువ వయసు కుర్రాళ్లు ఆ యుద్ధంలో చాలామంది ఉన్నారు. 1843 సెప్టెంబర్‌లో పుట్టినవాడికి 1861 ఆగస్టులో 17 ఏళ్లే. 1842 అని చెబితే 18. ఒకసారి సైన్యం కాగితాల్లో పడిన వయసును, ముందుముందు పెన్షన్ ఆఫీసు దగ్గర తేడా రాకూడదని, జీవితాంతం అలాగే చెప్పుకొచ్చినవాళ్లను నేను చూశాను. ఇది నా ఊహే. కానీ దీన్ని పరీక్షించడానికి దారి ఉంది. అయోవా రాష్ట్రం 1908 నుంచి 1911 వరకు సివిల్ వార్ సైనికుల రోస్టర్‌ను, అంటే పేర్ల పట్టికను, సంపుటాలుగా ప్రచురించింది. అందులో ఒక్కో సైనికుడి వయసు, నివాసం, పుట్టిన రాష్ట్రం, చేరిన తేదీ ఉంటాయి. పాత పుస్తకం కాబట్టి ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. అతను చేరిన తేదీ, చెప్పిన వయసు చూస్తే 1842 ఎక్కడి నుంచి వచ్చిందో తెలిసిపోతుంది.

యుద్ధం మాట నిజమైతే మీ చేతికి రాబోయే అన్నిటికంటే గొప్ప కాగితం పెన్షన్ ఫైలు. దీని గురించి కాస్త ఎక్కువ రాస్తాను. యూనియన్ (ఉత్తరాది పక్షం) సైనికుల పెన్షన్ ఫైళ్లు వాషింగ్టన్‌లోని నేషనల్ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. ఇండెక్స్ కార్డులు ఫ్యామిలీసెర్చ్ అనే వెబ్‌సైట్‌లో ఉచితంగా చూడొచ్చు. కార్డు మీద సైనికుడి పేరు, రెజిమెంట్, దరఖాస్తు నంబరు, సర్టిఫికెట్ నంబరు ఉంటాయి. అతను పోయాక భార్య కూడా దరఖాస్తు పెట్టుకుని ఉంటే ఆమె నంబరు కూడా అక్కడే ఉంటుంది. అసలు ఫైలు చాలావరకు ఇంకా స్కాన్ కాలేదు. డబ్బు కట్టి కాపీ తెప్పించుకోవాలి, లేదా వాషింగ్టన్ వెళ్లి చూడాలి. సర్వీస్ రికార్డుతో సరిపెట్టుకోకండి, అందులో హాజరు పట్టీల వివరాలే ఎక్కువ. పెన్షన్ ఫైలు పూర్తిగా అడగండి, ఎంచిన పేజీలు మాత్రమే వద్దు.

ఎందుకంత విలువ? అక్కడ ప్రభుత్వం డబ్బు ఇవ్వాలి, కాబట్టి ఊరికే నమ్మదు. 1898లోనూ 1915లోనూ పెన్షన్ ఆఫీసు మాజీ సైనికులకు ప్రశ్నల పత్రాలు పంపింది. భార్య పుట్టింటి పేరేమిటి, పెళ్లి ఎప్పుడు, ఎక్కడ, ఎవరు చేశారు, దానికి రికార్డు ఏముంది, ముందు వేరే పెళ్లి జరిగిందా, పిల్లలెవరు, ఎప్పుడు పుట్టారు అని అడిగింది. మీ ముత్తాత 1911 దాకా ఉన్నాడు కాబట్టి 1898 పత్రం అతని చేతిరాతలోనే ఉండే అవకాశం ఉంది. 1907 చట్టం వయసును బట్టి, అంటే 62, 70, 75 నిండినదాన్ని బట్టి పెన్షన్ ఇచ్చింది. దాంతో వయసు రుజువు చేసుకోవాల్సి వచ్చింది. పుట్టిన తేదీకి సర్టిఫికెట్ లేని తరం కాబట్టి బైబిల్ పేజీల నకళ్లు, ఒక్కోసారి చింపిన అసలు పేజీలే, పంపేవారు. అన్నదమ్ములో చిన్నప్పటి ఇరుగుపొరుగువాళ్లో ప్రమాణ పత్రాలు రాసిచ్చేవారు. భర్త పోయాక భార్య పెన్షన్ అడిగితే పెళ్లినీ రుజువు చేయాలి. మీకు కావలసిన తండ్రి పేరు, పుట్టిన టౌన్‌షిప్ (కౌంటీలో చిన్న విభాగం) ఆ ప్రమాణాల్లో ఏదో ఒక దాంట్లో ఉండొచ్చు.

1890 సెన్సస్ కోసం ఇక వెతకొద్దు. 1921 జనవరిలో వాషింగ్టన్ కామర్స్ డిపార్ట్‌మెంట్ భవనంలో అగ్నిప్రమాదం జరిగి ఆ లెక్కలు కాలిపోయాయి, తడిసిపోయాయి. మిగిలినవాటిని కూడా 1930ల్లో ప్రభుత్వమే నాశనం చేయించింది. దేశం మొత్తానికి మిగిలినవి ఆరువేల పైచిలుకు పేర్లు. ఆ ఏడాదే సివిల్ వార్ సైనికులకు, వితంతువులకు వేరే జాబితా తయారైంది, అది చూడమని చాలామంది సలహా ఇస్తారు. మీకు అదీ పనికిరాదు. రాష్ట్రాల పేర్ల అక్షర క్రమంలో కెంటకీ సగం నుంచి చివరి దాకా ఉన్నవే దాదాపుగా మిగిలాయి. అయోవా ఆ క్రమంలో కెంటకీకి ముందే వస్తుంది.

అయితే అయోవా విషయంలో మీకు అదృష్టం ఉంది. ఆ రాష్ట్రం సొంతంగా కూడా జనాభా లెక్కలు తీసింది. 1856 లెక్కలో రాష్ట్రానికి వచ్చి ఎన్నేళ్లయిందో ఉంటుంది. 1885, 1895 లెక్కలు 1890 లోటును రెండు పక్కలా పూడుస్తాయి. 1895లో సివిల్ వార్ సేవ వివరాలు కూడా రాశారు. వీటన్నిటికంటే గొప్పది 1925 లెక్క. అందులో ప్రతి మనిషికీ తండ్రి పేరు, తల్లి పుట్టింటి పేరు, వాళ్లు పుట్టిన చోటు, పెళ్లి చేసుకున్న చోటు అడిగారు. మీ ముత్తాత 1911లో పోయాడు, అందులో ఉండడు. కానీ అతని తమ్ముడో చెల్లెలో 1925లో అయోవాలో బతికి ఉంటే? వాళ్ల తల్లిదండ్రులే ఇతని తల్లిదండ్రులు. మన మనిషి గురించి ఎవరూ రాయని సంగతి అతని తోబుట్టువు గురించి రాసి ఉంటుంది. అందుకే 1850 ఇంట్లో ఉన్న ప్రతి పిల్లాడినీ, ప్రతి పిల్లనూ చివరిదాకా వెంబడించండి. ఒక్క మనిషినే పట్టుకుని వెతికితే దారి మూసుకుపోతుంది. అన్నదమ్ముల తీగ లాగితే డొంకంతా కదులుతుంది.

ఇప్పుడు అసలు చిక్కు, జాన్, జేకబ్ సంగతి. ముందు పాలీ గురించి: ఆ కాలంలో మేరీకి పాలీ మామూలు ముద్దుపేరు. మార్గరెట్‌ను పెగ్గీ అనీ, మార్తాను పాట్సీ అనీ, సారాను సాలీ అనీ పిలిచేవారు. కాబట్టి తల్లి పేరులో తేడా లేదు. తండ్రి పేరుకు బెర్క్స్ కౌంటీ చరిత్రలోనే సమాధానం దొరకొచ్చు. అది 18వ శతాబ్దం నుంచి జర్మన్ కుటుంబాలు స్థిరపడ్డ ప్రాంతం. జర్మన్ లూథరన్, రిఫార్మ్‌డ్ (రెండూ ప్రొటెస్టెంట్ శాఖలే) కుటుంబాల్లో మగపిల్లలకు బాప్తిస్మంలో యోహాన్ అని పెట్టి, దాని తర్వాత పిలిచే పేరు పెట్టేవారు. ఒకే ఇంట్లో అన్నదమ్ములు నలుగురూ యోహాన్‌లే కావచ్చు, పిలుపు మాత్రం జేకబ్, పీటర్, హెన్రీ, ఆడమ్. యోహాన్ జేకబ్ అన్నవాణ్ణి చుట్టుపక్కల అందరూ జేకబ్ అంటారు. ఇంగ్లిష్ వాడు రాస్తే మొదటి పేరు చూసి జాన్ అని రాస్తాడు.

ఇది సాధ్యమే గానీ, సాధ్యం కాబట్టి నిజమనుకోకండి. 1850, 1860, 1870 సెన్సస్‌లలో ఇంటి పెద్దకు ఎవరేమవుతారో రాయలేదు. ఆ కాలమ్ 1880లో వచ్చింది. కాబట్టి జాన్ ఆ పిల్లాడికి తండ్రే అని 1850 పేజీ చెప్పడం లేదు. జేకబ్ పోతే పిల్లాణ్ణి పెదనాన్నో బాబాయో పెంచుతూ ఉండొచ్చు. పాలీ రెండో భార్య అయి, కొందరు పిల్లలు ఆమెకు పుట్టినవాళ్లు కాకపోవచ్చు. పిల్లల వయసుల మధ్య పెద్ద ఎడం ఉందా, ఆమె వయసుకు పెద్ద పిల్లాడి వయసు పొసగుతుందా చూడండి.

దీన్ని తేల్చే కాగితాలు మూడు చోట్ల ఉంటాయి. మొదటిది చర్చి. పెన్సిల్వేనియాలో రాష్ట్రస్థాయిలో జనన మరణాల నమోదు 1906లో మొదలైంది, కౌంటీల్లో 1893లో. 1843లో పుట్టినవాడికి బర్త్ సర్టిఫికెట్ అనేదే లేదు, దానికి బదులు బాప్తిస్మ రిజిస్టరే దిక్కు. బెర్క్స్‌లో లూథరన్, రిఫార్మ్‌డ్ సంఘాలు రెండూ ఒకే భవనాన్ని పంచుకున్న చర్చిలు ఎక్కువ, కాబట్టి రెండు రిజిస్టర్లూ చూడాలి. తల్లిదండ్రుల పేర్లతోపాటు సాక్షులుగా నిలబడ్డ దంపతుల పేర్లు కూడా రాసుకోండి, వాళ్లు చాలాసార్లు తాతానానమ్మలో మేనమామలో అయి ఉంటారు. తల్లి పుట్టింటి పేరు అలా బయటపడిన కేసులు ఎన్నో. (గుంటూరు వాళ్లకు ఈ సంఘం కొత్తేమీ కాదు. 1842లో గుంటూరు వచ్చిన హేయర్ అనే మిషనరీని పంపింది ఈ పెన్సిల్వేనియా లూథరన్ సంఘమే.) రెండోది కౌంటీ ముఖ్యపట్టణం రెడింగ్‌లోని ఆర్ఫన్స్ కోర్టు రికార్డులు. పేరు చూసి అనాథలకే అనుకోవద్దు, చనిపోయినవాళ్ల ఆస్తి పంపకాలన్నీ అక్కడికే వచ్చేవి. తండ్రి ముందే పోయి ఉంటే మైనర్ పిల్లలకు సంరక్షకుణ్ణి నియమించిన కాగితం ఉంటుంది, అందులో తండ్రి పేరు స్పష్టంగా ఉంటుంది. మూడోది భూమి దస్తావేజులు. అయోవాకు వెళ్లేముందు ఉన్న పొలం అమ్మి ఉంటారు. భర్తతోపాటు భార్య కూడా సంతకం చేస్తుంది కాబట్టి ఇద్దరి పేర్లూ ఒకచోట దొరుకుతాయి. వారసులంతా కలిసి అమ్మిన దస్తావేజు దొరికితే పండగే. పిల్లలందరూ, అల్లుళ్లతో సహా, అప్పటికి ఎక్కడెక్కడ ఉన్నారో అందులో ఉంటుంది.

1860 సెన్సస్‌లో దొరకకపోవడానికి పేర్ల ఇండెక్స్‌లోని తప్పే కారణమని నా అనుమానం. ఇంటిపేరుతో వెతకడం ఆపండి. మొదటి పేరు, 15 నుంచి 18 మధ్య వయసు, పుట్టిన చోటు పెన్సిల్వేనియా, ఇంట్లో ఉన్న ఇంకో తోబుట్టువు పేరు, ఇవి ఇచ్చి వెతకండి. పెన్సిల్వేనియా జర్మన్ల మాటలో బ-ప, డ-ట, గ-క ఇంగ్లిష్ చెవికి తారుమారుగా వినిపిస్తాయి. కుంకెల్ గుంకెల్ అవుతుంది. యేగర్ అనే ఇంటిపేరు కొన్ని కుటుంబాల్లో హంటర్ అయింది, జిమ్మర్‌మాన్ కార్పెంటర్ అయింది. లింకన్ తాతగారి భూమి కాగితాల్లో ఇంటిపేరు లింక్‌హార్న్ అని ఉంది. మీ ఇంట్లో పేరు మారిన సంగతి కూడా ఇలాంటిదే అయి ఉంటుంది. ఎల్లిస్ ఐలండ్ 1892 జనవరి 1న తెరిచారు, 1843లో పెన్సిల్వేనియాలో పుట్టినవాడికి దానితో ఏం పని? అసలు అక్కడి అధికారులు ఓడ ఎక్కిన రేవులోనే తయారైన జాబితాతో పేర్లు సరిచూసుకునేవారు తప్ప కొత్త పేర్లు పెట్టేవారు కాదు. పేర్లు తర్వాత ఊళ్లో, బళ్లో, భూమి ఆఫీసులో, ఎక్కువగా మనుషుల సొంత ఇష్టంతో మారాయి. మీ అత్తగారితో ఇది నెమ్మదిగా చెప్పండి. పేరు మారిందన్న జ్ఞాపకం నిజం కావచ్చు, ఎక్కడ మారిందన్నదే తర్వాత అతుక్కుని ఉంటుంది.

వాళ్లు వెళ్లిన దారి పట్టుకోవడానికి ఒక మంచి పద్ధతి ఉంది. 1860లోనో 1870లోనో తోబుట్టువుల్లో ఒకరు దొరికితే ఆ ఇంట్లో పిల్లలు పుట్టిన చోట్లు వరసగా చదవండి. పెద్దవాళ్లు పెన్సిల్వేనియా, నడిమివాడు ఒహాయో, చిన్నది ఇల్లినాయ్ అని ఉంటే దారి, తేదీలతో సహా, కళ్లముందే ఉన్నట్టు. 1860లో వాళ్లు ఒహాయోలోనో ఇల్లినాయ్‌లోనో ఆగి ఉండొచ్చు. అన్ని పేజీల్లోనూ ముందు వెనక ఐదారు పేజీలు ఇరుగుపొరుగు పేర్లు రాసుకోండి. ఆ రోజుల్లో కుటుంబాలు ఒంటరిగా పోలేదు. బెర్క్స్‌లో పక్కపక్క పొలాలవాళ్లు అయోవాలోనూ పక్కపక్కనే తేలతారు. 1850లో జాన్ ఇంటి చుట్టూ ఉన్న ఇంటిపేర్లు 1880లో మీ ముత్తాత చుట్టూ రెండు మూడు కనిపిస్తే అది గట్టి ఆధారం. వయసు కలవడం కంటే గట్టిది.

కౌంటీ సరిహద్దులు కూడా చూసుకోవాలి. ఒంగోలులో 1965లో పుట్టినవాడి కాగితాల్లో గుంటూరు జిల్లా ఉంటుంది, 1970 తర్వాత పుట్టిన తమ్ముడికి వేరే జిల్లా, ఇల్లు మాత్రం అదే. అక్కడా అంతే. షూయిల్‌కిల్ కౌంటీ 1811లో బెర్క్స్, నార్తాంప్టన్‌ల నుంచి విడిపోయింది. మీ ముత్తాత తండ్రి 1811కు ముందు ‘బెర్క్స్’లో పుట్టి ఉంటే ఆ ఊరు ఇవాళ షూయిల్‌కిల్‌లో ఉండొచ్చు. పాత దస్తావేజులు మాత్రం రెడింగ్‌లోనే ఉంటాయి. తప్పు కౌంటీలో వెతికితే ఏమవుతుందో లింకన్ తల్లిదండ్రుల పెళ్లి చెబుతుంది. వాళ్లు కెంటకీలో హార్డిన్ కౌంటీలో కాపురం చేశారు కాబట్టి అందరూ అక్కడే వెతికారు, దొరకలేదు. పెళ్లే కాలేదన్న పుకారు కూడా లేచింది. 1806 జూన్ నాటి ఆ పెళ్లి రికార్డు వాషింగ్టన్ కౌంటీలో ఉంది. లింకన్ చనిపోయిన తర్వాత గానీ బయటపడలేదు. పెళ్లిళ్లు సాధారణంగా అమ్మాయి ఉండే చోట జరుగుతాయి. మీ ముత్తాత పెళ్లి కూడా అతని కౌంటీలో దొరకకపోతే భార్య వాళ్ల కౌంటీలో చూడండి.

1850కి ముందు సెన్సస్‌లో ఇంటి పెద్ద పేరొక్కటే ఉంటుంది, మిగతా అందరూ వయసుల గడుల్లో అంకెలు. 1840లో బెర్క్స్‌లో ఆ ఇంటిపేరున్న జాన్‌లు, జేకబ్‌లు అందరినీ ఒక కాగితం మీద రాసి, ఒక్కొక్కరి ఇంట్లో 1850 కుటుంబం ఆ గడుల్లో ఇమడగలదా చూడండి. ఇమడనివాళ్లను కొట్టేయవచ్చు. అంతకుమించి ఆ లెక్కల నుంచి ఆశించకండి. సీనియర్, జూనియర్ అని ఉంటే తండ్రీకొడుకులే అనుకోవద్దు, ఒకే ఊళ్లో ఒకే పేరున్న పెద్దవాడికీ చిన్నవాడికీ కూడా అలా రాసేవారు.

లింకన్ పేరు ఇన్నిసార్లు తీయడానికి ఇంకో కారణం ఉంది. ఆయన పూర్వీకులూ బెర్క్స్ కౌంటీ వాళ్లే. తన వంశం వర్జీనియాకు బెర్క్స్ నుంచి వచ్చిందని 1859లో ఆయనే రాశాడు. మసాచుసెట్స్‌లో ఉన్న లింకన్‌లకూ తనకూ సంబంధం ఉందేమోనని ఆరా తీశాడు. రెండు కుటుంబాల్లోనూ మొర్దెకై, సాలమన్, అబ్రహం లాంటి పేర్లు ఉన్నాయన్నది తప్ప ఏమీ తేలలేదన్నాడు. తర్వాతి పరిశోధకులు వీలునామాలు, భూమి కాగితాలు జతచేసి చూస్తే ఆ సంబంధం నిజమే. 1637లో వచ్చి హింగమ్‌లో స్థిరపడిన శామ్యూల్ లింకన్ సంతతే ఆయన. కుటుంబంలో తిరిగి తిరిగి వచ్చే పేర్లు రుజువు కావు, కానీ ఎటు తవ్వాలో చెబుతాయి. మీ ముత్తాత తన కొడుకులకు పెట్టిన పేర్లు చూడండి. వాళ్లలో జేకబ్ ఉన్నాడా, జాన్ ఉన్నాడా?

ఇంటర్నెట్‌లో ఇతరులు పెట్టిన వంశవృక్షాల్లో మీ ముత్తాత తండ్రి ‘జాన్ జేకబ్’ అని ఇప్పటికే కనిపిస్తే సంతోషపడిపోకండి. ఒకరి ఊహను ఇంకొకరు ఎత్తి రాసుకోవడం అక్కడ చాలా ఎక్కువ. ఏ కాగితం ఆధారంగా రాశారో అడగండి, చెప్పలేకపోతే పక్కన పెట్టండి.

డీఎన్‌ఏ పరీక్ష గురించి కూడా అడిగారు. చేయిస్తే మీవారికి కాదు, అత్తగారికి చేయించండి. ముత్తాత నుంచి ఆవిడకు సగటున ఎనిమిదో వంతు వచ్చి ఉంటుంది, మీవారికి అందులో సగమే. 1850 ఇంట్లోని ఇతర పిల్లల సంతానంతో ఆవిడకు పోలిక తగిలితే రెండు కుటుంబాలూ ఒకటే అనడానికి మంచి బలం. ఒక్కోసారి ఎవరూ ఊహించని సంగతులు కూడా బయటపడతాయి. అది ముందే చెప్పి, ఆవిడ మనస్ఫూర్తిగా సరేనంటేనే చేయించండి.

ముందుగా పెన్షన్ ఇండెక్స్ కార్డు వెతికి, ఫైలుకు దరఖాస్తు పెట్టండి, అది రావడానికి సమయం పడుతుంది. ఈలోగా బైబిల్ అచ్చు సంవత్సరం, 1850 పేజీ మీద తేదీ, రోస్టర్‌లో చేరినప్పటి వయసు చూడండి. ఆ తర్వాత 1925 అయోవా లెక్కలో తోబుట్టువుల కోసం వెతకండి. 1850 పేజీలో ఆ ఇంటికి పైన ఆరు ఇళ్లు, కింద ఆరు ఇళ్ల పేర్లు, టౌన్‌షిప్ పేరుతో సహా ఇక్కడ పెడితే, ఏ చర్చి రిజిస్టర్ చూడాలో నేను చెప్పగలను.